అరవై దగ్గర ఆగిపోయిన ఇన్‌స్టలేషన్

1999లో నన్ను విజయవాడ నుంచి రాజమండ్రి బ్రాంచికి కస్టమర్ సపోర్ట్ ఇంజినీరుగా వేశారు. పేరు పెద్దదే గానీ, పని మాత్రం స్క్రూడ్రైవర్ల సంచీ స్కూటరుకి తగిలించుకుని ఊళ్ళు తిరగడం. మా వాడుకలో ఫిర్యాదును 'కాల్' అంటారు. పని అయిందని కస్టమరు సంతకం పెడితే కాల్ క్లోజ్ అయినట్టు. ఆ వేసవిలో కొవ్వూరు కాల్ ఒకటి మేనేజరు గారు నాకు అప్పగించి, వ్యవహారం మెషీన్ వాపసు దాకా వచ్చిందని, అటో ఇటో తేల్చుకుని రమ్మని చెప్పారు.

ఆ ఇల్లు అన్నపూర్ణ గారిది. టైపు హయ్యర్ పాసైన మనిషి. ఇంట్లోనే డీటీపీ, అంటే తెలుగు అక్షరాలు కంప్యూటరు మీద కూర్చి అచ్చుకు సిద్ధం చేసే పని, పెట్టుకుందామని కంప్యూటరు కొన్నారు. నేను వెళ్ళిన రోజే ఊళ్ళో ప్రెస్సాయన మొదటిసారిగా ఒక శుభలేఖ ఇచ్చి, మర్నాడు పొద్దున్నకల్లా ప్రూఫ్ తెమ్మన్నాడు. తేలేకపోతే ఎప్పటిలాగే రాజమండ్రి పంపించేస్తానన్నాడు. తెలుగు సాఫ్ట్‌వేరు చూస్తే ఎన్నిసార్లు ఎక్కించినా అరవై శాతం దాకా వెళ్ళి ఆగిపోతోంది.

ఆవిడ భర్త హైస్కూలు మేస్టారు. నేను చెప్పులు విప్పేలోపే, "ఈ పెట్టె మాకొద్దండీ, మీరే పట్టుకెళ్ళిపోండి" అన్నారు. అన్నపూర్ణ గారి చిన్నబోయిన మొహం చూసేసరికి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

మా పనిలో పద్ధతి ఏమిటంటే, అనుమానం ఉన్నవాటిని ఒక్కొక్కటే తప్పించుకుంటూ పోవాలి. మెమరీ మార్చాను. మళ్ళీ అరవై దగ్గరే ఆగింది. హార్డ్ డిస్కు పరీక్షించాను, శుభ్రంగా ఉంది. వేసవి కరెంటు సంగతి తెలుసు కాబట్టి స్టెబిలైజరు కూడా చూశాను. నా సంచీలోని ఇంకో సీడీ పెడితే డ్రైవు చివరిదాకా చదివేసింది. ఇక మిగిలింది ఆవిడ సీడీ. డ్రైవు సీడీని నడిమి నుంచి అంచు వైపు చదువుకుంటూ వస్తుంది. ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందంటే అక్కడ ఏదో అడ్డం ఉందన్నమాట.

కిటికీ దగ్గర వెలుగులో వాల్చి చూశాను. మెరిసే వైపు, అంచుకు కాస్త ఇవతల, పచ్చగా మూడు మరకలు, వాటి మధ్య ఎర్రటి నలుసులు. ఇదేంటండీ అని అడిగాను.

మేస్టారి అమ్మగారు కామాక్షమ్మ గారు వంటింట్లోంచి వచ్చారు. "పూజ చేశామండీ. కొత్త వస్తువుని బొట్టెట్టకుండా వాడతామా ఏంటి?"

అచ్చు ఉన్న వైపు పెట్టాల్సిందన్నాను.

"అది వీపు కదండీ! అద్దంలా మెరిసేది మొహం. బొట్టు మొహానికెడతాం గానీ వీపుకెడతామా?"

డ్రైవు చదివే మొహం నిజంగా అదే! పసుపు తడిపి పెట్టి, మీద కుంకుమ అద్దిన బొట్లు. డ్రైవులో పెట్టేముందు కోడలు కొంగుతో తుడిచారట. పైపొడి పోయి పూత మిగిలింది.

ఇంకో సీడీ హైదరాబాదు నుంచి రావడానికి వారం పడుతుంది. శుభలేఖ వారం ఆగదు. అందుకని సబ్బునీళ్ళూ, పాత పంచె ముక్కా అడిగాను. సీడీని గుండ్రంగా తుడవకూడదు. అలా తుడిస్తే పడే గీత డేటా వరస పొడుగునా పడి మొత్తానికే మోసం వస్తుంది. నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడిచాను. మరక పలచబడింది గానీ పూర్తిగా పోలేదు. ఇన్‌స్టలేషన్ అరవై దాటి, కాస్త ముందుకెళ్ళి మళ్ళీ ఆగింది.

ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాముకు ఓపిక తక్కువ. ఒక్క ఫైలు చదవలేకపోతే మొత్తం మానేస్తుంది. డాస్, అంటే నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేసే పాత పద్ధతి, అలా కాదు, చదవలేనిచోట ఆగి, మళ్ళీ ప్రయత్నించనా అని అడుగుతుంది. ఔనంటే 'ఆర్' నొక్కాలి. అందుకని డాస్‌లోకి వెళ్ళి, సీడీలోని ఫైళ్ళన్నీ హార్డ్ డిస్కులోకి కాపీ చెయ్యడం మొదలుపెట్టాను. ఒక ఫైలు దగ్గర అడిగింది. నొక్కాను. డ్రైవు మూలిగి మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాను. నా వేలు నొప్పెడితే అన్నపూర్ణ గారు కూర్చున్నారు. ఆవిడ అలిసిపోతే మేస్టారు అందుకున్నారు. కామాక్షమ్మ గారు కాఫీ తెచ్చి కొడుకు పక్కనే పెట్టారు. ఆయన ముట్టుకోలేదు. "మొండి ఘటాలు నా క్లాసులో చాలామంది ఉన్నారండీ, ఇదెంత" అంటూ నొక్కుతూనే ఉన్నారు.

"దాటింది! దాటిందండీ!" అని ఆయనే కుర్చీలోంచి లేచిపోయారు. ఆ వెనక ఫైళ్ళన్నీ వరసగా దిగాయి. హార్డ్ డిస్కు నుంచే ఇన్‌స్టాల్ చేస్తే ఎక్కడా ఆగకుండా నూరు శాతం పూర్తయింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది గానీ ఇంజినీరు హోదా అడ్డొచ్చింది.

చీకటి పడేలోపే ప్రూఫ్ ప్రింటరులోంచి బయటికొచ్చింది. అన్నపూర్ణ గారు పెళ్ళికొడుకు పేరు, ముహూర్తం సరిచూసుకుని, అప్పుడు గానీ నవ్వలేదు. మేస్టారు వాపసు మాట ఎత్తకుండా సంతకం పెట్టారు. ఆ వారంలోనే ప్రెస్సాయన తన తెలుగు పనంతా అన్నపూర్ణ గారికే ఇస్తున్నాడని బ్రాంచికి ఫోన్ వచ్చింది. చేసింది మేస్టారే.

ఆ కాల్ నాకు నేర్పింది ఇది. యంత్రం చెడితే ముందు ఇంట్లోవాళ్ళని అడగాలి, తరవాతే మూత విప్పాలి. పూజ ఎవరూ మానరు, మానక్కర్లేదు కూడా. బొట్టు ఎక్కడ పెట్టాలో ఇంజినీరే ముందుగా చూపించాలి. రిటైరయ్యేదాకా నేను పెట్టిన ప్రతి కంప్యూటరుకీ బొట్టు కేబినెట్ నెత్తి మీదే ఉంది.