కాలని మోటారు

సుందర్‌రాజు అబద్ధాలాడే మనిషి కాదు. ఆడిందల్లా ఒక్కటే, కానీ దాన్నే రోజూ ఆడేవాడు. అదీ కట్టుకున్న భార్యతో. కుట్టుమిషను కింద బిగించిన కరెంటు మోటారు మీద ఎడమ అరచెయ్యి పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుని, "హన్నా, ఇగ ఆపు. మోటారు కాలుతుంది" అనేవాడు. నిజానికి మోటారు పిల్లి వీపులా గోరువెచ్చగా ఉండేది, అంతే.

ఆ మాట వినగానే హన్నా విసుక్కుంటూ పెడలు మీంచి కాలు తీసేది. "దీని మొకం మండ, మళ్ల కాలిందా?" అని మోటారును తిట్టి, నడుం పట్టుకుని లేచి, పక్కనే మడతపెట్టి ఉన్న డేరా గుడ్డ మీద ఒరిగేది. చల్లారిందని చెప్పాల్సింది కూడా సుందర్‌రాజే. ఆమె ముఖంలోకి కాస్త రంగు వచ్చేదాకా ఆ మోటారు చల్లారేది కాదు.

అది మామూలు దర్జీలు వాడే మిషను కాదు. నిజాం ఫౌజుకు డేరాలు కుట్టిన కార్ఖానాలోది. ఫౌజు పోయింది, కార్ఖానా మూతపడింది, ఇనుప సామానంతా అమ్మకానికి పెట్టారు. అక్కడ గుడ్డ బేళ్లు మోసిన సుందర్‌రాజు ఆ మిషనును ఎడ్లబండి మీద వేసుకుని సంగారెడ్డిలో తన ఇంటికి తెచ్చుకున్నాడు. ముసలిదే గానీ గట్టి ప్రాణం. నాలుగు మడతల కేన్వాసును కూడా కిమ్మనకుండా కుట్టేది. తానే కుట్టి నాలుగు డబ్బులు సంపాదించాలని అతని ఆశ. ఆ ఏడే బజారులో కూలికి మోస్తున్న బేలు ఒకటి జారి కుడిచేతి మీద పడింది. వేళ్లు కొయ్యబారిపోయాయి. అప్పటిదాకా రవికెలకు గుండీలు కుట్టుకోవడం తప్ప ఏమీ తెలియని హన్నా మిషను ముందు కూర్చుంది. కూర్చున్నది మళ్లీ లేవలేదు. ఎదురుగా కూర్చుని, కుట్టిన గుడ్డ బరువును ఎడమచేత్తో లాగడమే సుందర్‌రాజు పనైంది. ఆ బరువు లాగకపోతే సూది విరుగుతుంది.

మొదట్లో కాళ్లతో తొక్కేది. సాయంత్రానికి పాదాలు వాచిపోయేవి. వాళ్ల వీధికి కరెంటు వచ్చాక, పిండి గిర్నీల మోటార్లు బాగుచేసే కమాలుద్దీన్ ఒక చిన్న మోటారు తెచ్చి బిగించాడు. కాళ్లకు సుఖం దొరికింది, కానీ పని పెరిగింది. కొన్నాళ్లకే ఒక మధ్యాహ్నం హన్నా మిషను మీదే తూలిపడింది. సూది చూపుడు వేలిలోకి దిగబడింది. దవాఖానలో డాక్టరమ్మ వేలికి కట్టు కట్టి, సుందర్‌రాజును వరండాలోకి పిలిచింది. "ఒంట్లో రక్తం లేదు. గుండె బలహీనంగా ఉంది. పని మానలేకపోతే మధ్యమధ్య పడుకోనీ. లేకపోతే ఈసారి నువ్వు తీసుకొచ్చినా నేను చేసేదేమీ ఉండదు" అంది.

ఆ మాట హన్నాకు చెప్పాడు. ఆమె కట్టు ఉన్న వేలితోనే దారం ఎక్కిస్తూ, "నేను పండుకుంటే డేరా ఎవరు కుడ్తరు? నువ్వా?" అంది. అని, వెంటనే నాలిక కరుచుకుంది. కానీ మాట అననే అంది. సుందర్‌రాజు తన కుడిచేతిని ఒళ్లోకి తీసుకున్నాడు.

అలాంటి మొండి మనిషి, ఆ ఎండాకాలం మోటారు ఒక్కసారి నిజంగానే వేడెక్కితే, ఉలిక్కిపడి ఆపేసింది. కాలిపోతే బతుకెట్లా అని భయం. తన గుండె కోసం ఆగనిది మోటారు కోసం ఆగింది. సుందర్‌రాజుకు కావాల్సిన కిటుకు దొరికింది. ఆ రోజునుంచి ఆ మోటారు ఎండాకాలమనక, చలికాలమనక కాలుతూనే ఉంది. ఆదివారం గుడిలో పాస్టరు అబద్ధసాక్ష్యం గురించి చెప్పినప్పుడల్లా ఇతను తల వంచుకుని కాలి బొటనవేలితో చాప గీకేవాడు. బయటికి వచ్చాక ఏమీ ఎరగనట్టు నడిచేవాడు. దేవుడికి ఈ సంగతి అర్థమవుతుందని అతనికి ఎలాగో ధైర్యం.

దేవుడికి అర్థమైందేమో గానీ, సాదుల్లా సేటుకు అర్థం కాలేదు. పటాన్‌చెరులో రోడ్డు పక్కన ఆయన దుకాణం. లారీలకు టార్పాలిన్లు, పెళ్లిళ్లకు షామియానాలు, క్యాంపులకు వెళ్లే సర్కారు నౌకర్లకు డేరాలు అమ్ముతాడు. కుట్టు పనంతా హన్నాదే. సేటు మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పోయేవాడు.

"ఏందమ్మా, గింత ఆలస్యం?" అన్నాడు ఒకరోజు ఇంటికొచ్చి.

"నేనేం జెయ్యాలె సేటూ? చేతులు ఆగుతలేవు, మోటారే ఆగుతుంది. జెరసేపు నడిస్తే చాలు, కాలుతుంది" అంది హన్నా.

"గింతేనా? గీ మాత్రానికి పరేషాన్ ఎందుకు? పెద్దది కొని పంపిస్త. రాత్రింబగళ్లు నడిపినా కాలది."

సుందర్‌రాజు కంగారుగా అడ్డొచ్చాడు. "ఎందుకు సేటూ? పాతదే మంచిగుంది" అన్నాడు.

హన్నా వింతగా చూసింది. "కాలుతుందని దినాం చెప్పేది నువ్వే గదయ్యా?"

అబద్ధాన్ని కాపాడుకోవాలంటే పెద్ద మోటారు రావాలి. నిజం చెబితే పాతదే ఆగకుండా తిరుగుతుంది. ఎటు చూసినా హన్నాకు ఆ గుడ్డ మీద ఒరిగే కాసేపు లేదు. తన తెలివి తన నెత్తికే చుట్టుకుంది.

కమాలుద్దీనే వచ్చాడు, హైదరాబాదు పాత సామాన్ల బజారులో కొన్న మోటారును చంకన పెట్టుకుని. బల్లకు కొత్త రంధ్రాలు వేశాడు, బెల్టు మార్చాడు, స్విచ్చి నొక్కాడు. ఇల్లంతా గుయ్యిమంది. నాలుగు మడతల గుడ్డ నీళ్లలో కత్తి దిగినట్టు సాగిపోయింది. హన్నా కళ్లు మెరిశాయి. కమాలుద్దీన్ పాత మోటారును నేల మీద పెట్టుకుని, మరలు విప్పి, మూత తీసి చూశాడు.

"అరే, సుందరన్నా! కాలే మోటారైతే లోపల తీగకు చుట్టిన నూలు మాడాలె గదా. ఇది సూడు, పెండ్లికొడుకు పంచెలెక్క తెల్లగుంది! దీన్ని కాలుతుందన్నదెవరు?"

హన్నా ఆ తెల్లటి నూలు వంక చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. అతను కిటికీ వంక చూశాడు. "చాయ్ తాగి పో, కమాల్ భాయ్" అంటూ ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ పూట ఇంక ఆ ఊసెత్తలేదు. తర్వాతా ఎత్తలేదు. తిట్టినా బాగుండునని సుందర్‌రాజుకు అనిపించింది.

కొత్త మోటారుతో పాటు గుడ్డ కూడా రెట్టింపు వచ్చింది. హన్నా పొద్దున కూర్చుంటే అన్నానికి లేచేది, మళ్లీ కూర్చునేది. సుందర్‌రాజు అప్పుడప్పుడూ అలవాటుగా మోటారు మీద చెయ్యి పెట్టేవాడు. పెట్టి, ఇక ఆ మాట చెల్లదని గుర్తొచ్చి తీసేసేవాడు. ఒకసారి ఉండబట్టలేక, "జెర ఆపరాదే" అన్నాడు. "సేటు మనల్ని నమ్మి మోటారు పంపిండు. ఆపితే ఏం జెప్తం?" అంది ఆమె, తలెత్తకుండానే. నడుం వంగింది, పెదాలు బూడిద రంగుకు తిరిగాయి. గుడ్డ లాగి లాగి అతని ఎడమచెయ్యి కూడా మొద్దుబారింది. తనను తాను తిట్టుకునే ఓపిక కూడా లేదు. మళ్లీ ఆ దవాఖాన వరండాలో నిలబడ్డట్టే ఉండేది అతనికి, ప్రతి మధ్యాహ్నం.

ఒకనాడు అలాగే ఒక పెద్ద డేరా అంచు కుడుతూ కుడుతూ, సగంలో హన్నా పెడలు మీంచి కాలు తీసింది. చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఆమె రెండు చేతులూ గుడ్డ మీద ఆనించి, ఊపిరి తీసుకుంది.

"ఏమయ్యా."

"ఆఁ."

"మోటారు మీద జెర చెయ్యి వెట్టి సూడు. కాలుతున్నట్టుంది."

సుందర్‌రాజు బల్ల కిందికి వంగాడు. అరచెయ్యి పెట్టాడు. అంతసేపు నడిచినా ఆ మహాగట్టి మోటారు పాత దానంత వెచ్చగా కూడా లేదు. అతనికి ఏడుపొచ్చింది. చెయ్యి తియ్యకుండానే చెప్పాడు.

"మస్తు కాలుతుంది, హన్నా."

"నాకు తెలుసు" అని, ఆమె నడుం పట్టుకుని లేచి, మడతపెట్టిన గుడ్డ మీద ఒరిగి కళ్లు మూసుకుంది. కాసేపటికి, కళ్లు తెరవకుండానే అంది.

"జల్దీ చల్లారిందనకు."