ఉల్లి మడిలో గొంగడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరి ఒంటికి ఒక్కో కాలం ఉండేది. మా తాత పుష్యమాసం చలిలో కూడా తెల్లవారకముందే బావి దగ్గర చన్నీళ్లు గుమ్మరించుకుని, చొక్కా లేకుండానే పశువుల కొట్టం ఊడ్చేవాడు. మా బాపుకు ఉక్క ఎక్కువ. ఏడాదిలో పది నెలలు వాకిట్లోనే మంచం వేసుకునేవాడు. అమ్మకు ఏ కాలమైనా ఒకటే, పని తెమలకపోతే మాత్రం ఒళ్లు మండేది. ఇక మా చిన్నమ్మకు, అంటే మా బాపు తమ్ముడి భార్యకు, ఎప్పుడూ చలే. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని మా నాయనమ్మ ఆమెను చూసి అంటుండేది.

శ్రావణంలో నాలుగు చినుకులు పడితే చాలు, చిన్నమ్మ పొయ్యి ముందు చేరేది. చలికాలమంతా రవిక మీద చిన్నాయన పాత చొక్కా తొడుక్కుని తిరిగేది. నడి ఎండాకాలంలోనూ ఆమెకు వేన్నీళ్ల స్నానమే. మా అమ్మ తన యారాలికి ‘ఉడుకునీళ్ల దొరసాని’ అని పేరు పెట్టింది. చిన్నమ్మకు కోపం వచ్చేది కాదు. చల్లటి చేతులు రెండూ నా వీపు మీద పెట్టి, నేను కెవ్వుమంటే తానూ నవ్వేది. ఆమె అంటే నాకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతాది విన్నాక ఎవరూ నమ్మరు.

మాది మొయినాబాద్ దగ్గర, సురంగల్ వైపు ఒక పల్లె. ఇప్పుడు పెద్ద పెద్ద గేట్లు పెట్టిన ఫాంహౌసుల చోట అప్పుడు మా ఉల్లి మడులు ఉండేవి. నాకు పదేళ్లు. నోరు మాత్రం ముప్పై ఏళ్లది. కూలికి వచ్చిన ఆడవాళ్లను నవ్వించడం నా బాధ్యత అన్నట్టు తిరిగేదాన్ని. వాళ్లు నవ్వితే నాకు కడుపు నిండినట్టు ఉండేది.

ఆ ఎండాకాలం ఉల్లిగడ్డ బాగా పండింది. మొదటి విడత తవ్విన గడ్డను చిన్నాయన ముందురోజే ఎడ్లబండికి ఎత్తుకుని పట్నం మార్కెట్‌కు పోయాడు. మిగిలిన దానికి తోకలు కోయడానికి ఆడవాళ్లంతా మడిలో వరుసగా కూర్చున్నారు. పైన నీడ లేదు. అయినా ఎవరికీ భయం లేదు. ఉల్లిగడ్డ దగ్గర ఉంటే వడదెబ్బ తాకదని మావాళ్ల నమ్మకం. చుట్టూ గుట్టలుగా ఉల్లిగడ్డే ఉంటే ఇక ఎండ ఏం చేస్తుంది అనుకునేవాళ్లు.

మిట్టమధ్యాహ్నం నేను చల్ల ముంత పట్టుకుని వరుసలో అందరికీ పోసుకుంటూ వచ్చాను. చిన్నమ్మ వద్దంది. కడుపులో తిప్పుతోందట. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, కత్తి పక్కన పెట్టి, నా వంక చూసి మెల్లగా, “బిడ్డా, చలి పెడుతున్నదే” అంది. చూస్తే నిజంగానే ఆమె చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

నేను ముంత కింద పెట్టి చప్పట్లు కొట్టాను. “ఇన్నరా, మా చిన్నమ్మకు చలి పెడుతున్నదట!” అని అరిచాను. మడి మడంతా నవ్వింది. “కుంపటి తెద్దామా దొరసాని?” అని ఒకామె అంది. “గింత ఎండల గూడ చలేనా తల్లీ!” అని మా అమ్మ నొసలు కొట్టుకుంది. చిన్నమ్మ కూడా నవ్వబోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నవ్వు నాలుగు విధాల చేటు అంటారు. ఆ నాలుగూ ఏమిటో నాకు తెలియదు గానీ ఒకటి మాత్రం నా చేతులతో నేనే చేశాను. మడి చివర వేపచెట్టు కింద మా తాత మంచం మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. మంచం మీద గొంగడి పరిచి ఉంది. ఉరికి పోయి, “తాతా, గొంగడి ఇయ్యి. చిన్నమ్మకు చలి పెడుతున్నదట” అన్నాను. తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. లేచి, గొంగడి లాగి నా భుజం మీద వేసి, “ఇగో, మంచిగ కప్పిరా పో” అన్నాడు.

దాన్ని రెండు చేతుల మీదా పట్టుకుని ఊరేగింపులాగా నడిచి వచ్చాను. తల మీంచి కాళ్ల దాకా చిన్నమ్మకు కప్పాను. అందరూ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆమె మాత్రం గొంగడి అంచులు దగ్గరికి లాక్కుంది. అప్పుడు ఆమె చెయ్యి నా చేతికి తగిలింది. ఎప్పుడూ చల్లగా ఉండే ఆ చెయ్యి కాలుతోంది. ఎండలో కూర్చుంది కదా అనుకుని చల్ల ముంత ఎత్తుకుని ముందు వరుసకు పోయాను.

ఆమె అలాగే ముడుచుకుని కూర్చుంది. కునుకు తీస్తోందనుకున్నాం. “పండుకున్నది దొరసాని” అని నేను ఇంకోసారి నవ్వించాను కూడా. ఒక వరుస కోత అయిపోయాక మా అమ్మ లేచి, “ఇగ చాలు లే, నీ మడి ఎవరు కోస్తరు?” అంటూ గొంగడి లాగింది. చిన్నమ్మ ఒక పక్కకు ఒరిగిపోయింది. ఒంటి మీద చెమట చుక్క లేదు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ చూడడం లేదు.

తర్వాత అందరూ అరిచారు. కుండల్లో ఉన్న నీళ్లన్నీ ఆమె మీద పోశారు. చేతికందిన ఉల్లిగడ్డలు చితకకొట్టి అరికాళ్లకు రాశారు. చేవెళ్ల దవాఖానకు తీసుకుపోవాలంటే బండి పట్నంలో ఉంది. మా తాత కూర్చున్న మంచాన్నే నలుగురు మగవాళ్లు ఎత్తుకుని బస్సు కోసం పెద్దరోడ్డు దాకా ఉరికారు. బస్సు రాకముందే మా అమ్మ కొంగుతో విసరడం ఆపేసింది. ఎందుకు ఆపిందో నాకు అర్థం కాలేదు. కాసేపటికి పట్నం వైపు నుంచి మా ఖాళీ బండి వచ్చింది. చిన్నాయన మంచాన్ని చూసి బండి మీది నుంచే, “ఎవరే? ఎవరికేమైంది?” అని అడిగాడు.

వడదెబ్బ బాగా ముదిరితే కొందరికి చలి పెట్టినట్టు ఉంటుందని చాలా ఏళ్ల తర్వాత ఒక నర్సమ్మ నాతో చెప్పింది. మా వాళ్లు పుట్టినప్పటి నుంచీ ఎండలో బతికినవాళ్లు. చలి పెడుతున్నదన్న మాట మా అమ్మ అని ఉంటే, ఏ కూలి ఆమె అని ఉంటే, ఇదేదో తేడాగా ఉందని ఎవరో ఒకరు లేచి ఉండేవాళ్లు. అన్నది చిన్నమ్మ కాబట్టి నవ్వాం. ఆమెకు ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాం.

మూడో రోజు చిన్నాయన వాకిట్లో అందరి ముందూ నిలబడి, “గొంగడి ఎవరు కప్పిండ్రు?” అని అడిగాడు. మా అమ్మ నన్ను తన వెనక్కి లాక్కుంది. కూలి ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. మా తాత అరుగు మీద నుంచి లేచి, “నేనే. పోరి చేతికిచ్చి నేనే పంపిన” అన్నాడు. చిన్నాయన ఆయన వంక చూసి లోపలికి పోయాడు. మరుసటి నెల అదే ఇంట్లో వేరు పొయ్యి పెట్టుకున్నాడు. మా తాత ఇంకో ఏడేళ్లు బతికాడు. ఆ ఏడేళ్లలో ఆ కొడుకు ఆయనను ఒక్కసారి కూడా ‘బాపూ’ అని పిలవలేదు. చివరికి పాడె మాత్రం మోశాడు.

నేను ఒకసారి ధైర్యం చేసి, “తాతా, నువ్వు పంపలే గదా, నేనే అడిగిన” అన్నాను. “అడిగినవ్ బిడ్డా. నేను లేసి ఇయ్యకుంటే నువ్వెట్ల తీస్కపోతవ్? ఇన్ని ఎండకాలాలు చూసినోన్ని, నాకు తెల్వద్దా?” అన్నాడు. ఆయన లెక్కలో అది అబద్ధం కాదు. కానీ ఆ చెయ్యి కాలుతోందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ సంగతి ఆయనకు కూడా చెప్పలేకపోయాను.

మరుసటి ఎండాకాలం నుంచి మా తాత నాకు ఒక పని పెట్టాడు. పొద్దు నెత్తి మీదికి రాగానే వరుస వరుసకూ పోయి, ప్రతి ఆడమనిషి మెడ మీద చెయ్యి పెట్టి చూసి రావాలి. మగవాళ్లను తానే చూసేవాడు. “అడగకు బిడ్డా. అడిగితే ఏం గాలే అంటరు. ముట్టి చూడు. ఒకలకు తాకిన ఎండ ఇంకొకలకు తాకది” అనేవాడు. మొదట్లో వాళ్లు ఇబ్బంది పడ్డారు, తర్వాత వాళ్లే మెడ వంచేవాళ్లు. ఒకే వరుసలో, ఒకే ఎండలో కూర్చున్న ఇద్దరిలో ఒకామె మెడ చెమటతో చల్లగా ఉండేది, పక్కామెది పొడిగా మండేది. అలాంటామెను మా తాత, ఆమె ఎంత కసురుకున్నా, పొద్దు వాలేదాకా చెట్టు కింద కూర్చోబెట్టేవాడు. నా పెళ్లి అయ్యేదాకా ప్రతి ఎండాకాలం ఆ పని చేశాను. అది నాకు వేసిన శిక్షో, చూపించిన దారో ఆయన ఎన్నడూ చెప్పలేదు.

చిన్నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు, మనవలు కలిగారు. ఇప్పుడు ఎనభై దాటాయి. పోయిన ఎండాకాలం చూడడానికి వెళ్లాను. బయట నిప్పులు చెరుగుతుంటే లోపల కూలర్ తిరుగుతోంది. మాటల మధ్యలో ఆయన దుప్పటి కోసం వెతుక్కుంటూ, “అది జర బంద్ చెయ్యి బిడ్డా, చలి పెడుతున్నది” అన్నాడు.

నేను ఎట్లా లేచానో తెలియదు. ఆయన మెడ మీద, నుదుటి మీద, చేతుల మీద చెయ్యి పెట్టి చూశాను. ఒళ్లు చల్లగానే ఉంది. ముసలితనం చలి, అంతే. “ఏందే, గట్ల బెదిరినవ్?” అన్నాడు. అప్పుడు చెప్పాను. చప్పట్లు కొట్టి అరిచింది నేను, గొంగడి అడిగింది నేను, కప్పింది నేను, చెయ్యి కాలుతుంటే ముంత ఎత్తుకుని పోయింది నేను అని మొత్తం చెప్పాను.

తిడతాడనుకున్నాను. కొడితే కూడా బాగుండేది. ఆయన నా వైపు తిరిగి, “కప్పినప్పుడు ఆమె ఏమన్న అన్నదా?” అని అడిగాడు.

“అన్నది చిన్నాయనా. ‘ఇప్పుడు మంచిగున్నది బిడ్డా. జర కన్ను మూస్త. మీ చిన్నాయన రాంగనే లేపు’ అన్నది.”

“ఆఖరుకు ఏమన్నదో అని అందర్ని అడిగిన” అన్నాడాయన. “ఎవ్వరూ ఇనలేదన్నరు. బాపును అడుగుదామంటే మాట బంద్ పెట్టుకుంటి. నువ్వు చిన్న పోరివి, నిన్ను అడగాల్నని తోచలే.” దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. మా తాత నన్ను కాపాడాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. నిజంగానే కాపాడాడు. కానీ నేను నోరు మూసుకున్నందుకు తాతకు కొడుకు దూరమయ్యాడు, చిన్నాయనకు ఆ మాట అందలేదు.

ఇప్పుడు వెళ్లినప్పుడల్లా చిన్నాయన, “ఆమె ఎట్లన్నదో ఇంకొకసారి చెప్పు” అంటాడు. చెబుతాను. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. ఆ మాటల తర్వాత చిన్నమ్మ ఇంకేదో కూడా అంది. నేను గట్టిగా నవ్వుతున్నాను కాబట్టి అది నాకు వినబడలేదు. ఆ ఒక్క సంగతీ ఆయనకు ఇంకా చెప్పలేదు.