కాడతో కోసిన పువ్వులు

మా ఇంట్లో కత్తెర కనపడదు. దీన్ని ఫిర్యాదు అనుకున్నా, ప్రకృతి నియమం అనుకున్నా నాకభ్యంతరం లేదు. పాల దగ్గర్నుంచి పసుపు దాకా లోకంలో ప్రతి వస్తువూ మూతి అతికించిన ప్యాకెట్టులోనే ఇంటికొస్తున్న ఈ రోజుల్లో, మా రాజాం లాంటి చిన్న పట్నంలో కూడా కత్తెర లేకుండా కాఫీ తాగడం కుదరదు. పళ్లతో చింపుదామంటే, నా నోట్లో ఉన్నవాటిలో సొంతవి తక్కువ. మొన్న అలా వెతుక్కుంటూ పోతే అది బాల్కనీలో మా కోడలి చేతిలో దొరికింది. ఆ పిల్ల కుండీలో పూసిన గులాబీలని జానెడు కాడలతో సహా కత్తిరించి, హాల్లో గాజు ఫ్లవర్ వాజులో పెడుతోంది. కాడ ఏటవాలుగా ఎందుకు కొయ్యాలో, నీళ్లలో మునిగే ఆకులు ఎందుకు తీసెయ్యాలో ఫోన్లో చూసి నేర్చుకుందట, నాకూ ఓపిగ్గా చెప్పింది. నేనూ అంతే ఓపిగ్గా విన్నాను. ఇవన్నీ నాకు నేర్పిన మనిషి, కంటి ఆపరేషనయ్యి మా ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్న మా మేనత్త, ఆ హాల్లోనే నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

మా మేనత్త మా నాన్నగారికి చెల్లెలు. పెళ్లయిన కొద్దికాలానికే మావయ్య జ్వరమొచ్చి పోతే పుట్టింటికి తిరిగొచ్చేసింది. అప్పటికి నేను పలక మోసే వయసుదాన్ని. కళింగపట్నానికి దగ్గర్లో మా ఊరు. వరి చేలు ఒక పక్క, ఇసక నేలలు ఒక పక్క, గాలి సముద్రం మీంచి తిరిగితే ఊరంతా ఎండు చేపల వాసన. ఆవిడకి మా నాన్నగారు ఒక కుట్టు మిషను కొనిచ్చారు, మిషను పెట్టుకోడానికి వెనక వరండా పక్కన చిన్న గది ఇచ్చారు. పెరడు మాత్రం ఎవరూ ఇవ్వకుండానే ఆవిడదైపోయింది. ఆవిడ జుట్టు గురించి ఒక మాట చెప్పాలి. మా వంశానికి రావలసిన జుట్టంతా దేవుడు ఆ ఒక్క తలకే ఇచ్చేసి, మా అందరికీ తెలివితేటలు ఇద్దామనుకుని మరిచిపోయాడు. విప్పితే మోకాళ్ల దాకా వచ్చే ఆ జుట్టుని ఆవిడ రోజూ బిగించి ముడేసుకునేది, ఎవరి మీదో కోపమున్నట్టు.

మన తరం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో పువ్వుకి రెండే ఉద్యోగాలు. ఒకటి దేవుడి దగ్గర, రెండోది ఆడవాళ్ల తలలో. మూడోది లేదు. ఆ రెండూ కూడా మా మేనత్త చేతుల మీదుగానే జరిగేవి. మందారాలూ నందివర్ధనాలూ కోసి పూజ గదిలో పెట్టేది, కనకాంబరాలు మాల కట్టి నా జడలో తురిమేది, మా అమ్మకి మల్లెలు, పక్కింటి వాళ్లడిగితే చేమంతులు. నీళ్లు పోసేదీ, పురుగులేరేదీ, కోసేదీ, కట్టేదీ ఆవిడ. పెట్టుకునే వంతు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆవిడకి లేదు. ఎందుకని ఆ రోజుల్లో నేనడగలేదు. ఆకాశం పైనెందుకుందని కూడా అడగలేదు.

మా నాన్నగారి పెళ్లికెవరో ఇచ్చిన గాజు ఫ్లవర్ వాజొకటి ముందుగదిలో అద్దాల బీరువాలో ఉండేది. అందులో ప్లాస్టిక్ గులాబీలు. అసలు పువ్వులు ఇన్నేసి పూసే ఇంట్లో ప్లాస్టిక్ గులాబీలని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. దసరాకి ముందు వాటిని కుంకుడు రసంలో కడిగి ఆరబెట్టడం రివాజు. ఒక ఏడాది అలా కడిగి ఆరబెట్టాక, మా మేనత్త గులాబీలని మాత్రం బీరువాలో పెట్టి, వాజుని తన గదికి తీసుకుపోయింది.

దాన్నిండా నీళ్లు పోసి, పెరట్లోంచి గుప్పెడు చేమంతులూ రెండు మందారాలూ కోసుకొచ్చి వేసింది. మన చేతులకి పువ్వు కొయ్యడమంటే గోటితో తల తుంచడమే కదా, కాడ కోసే అలవాటు తరతరాలుగా ఎవరికీ లేదు. దేవుడికి కాడలు అక్కర్లేదు, సూదికీ దారానికీ అక్కర్లేదు. కాబట్టి చేమంతులు పులుసులో ముక్కల్లా తేలాయి, మందారాలు మూతి ముడుచుకుని వాజు గోడకి అంటుకున్నాయి. ఆవిడ చూసింది. నేను చూశాను. తరవాత ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వని బట్టల కత్తెర తీసుకుని పెరట్లోకి నడిచింది. ఆ కత్తెరతో ఒకసారి నేను కాగితం కోసినందుకు నా వీపు మీద పడిన దెబ్బ ఇంకా గుర్తుంది. అదే కత్తెరతో ఆవిడ చేమంతి కొమ్మని మొదలంటా కోస్తుంటే నాకు భయమూ, సరదా ఒకేసారి కలిగాయి.

మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, సాయంత్రానికి కనిపెట్టేసింది.

“ఎవులికోసమే ఈ పువ్వులు?”

“ఎవులికోసమూ కాదే అమ్మా.”

ఆ జవాబు మామ్మని ఎంత కలవరపెట్టిందో తెలీదు గానీ నన్ను మాత్రం చాలాకాలం పట్టుకుంది. ఎవరికోసమూ కానప్పుడు పువ్వు ఏం చేస్తుంది? రాత్రి ముడుచుకుంటుందా, చూసేవాళ్లు లేకపోతే తొందరగా వాడిపోతుందా? స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి ఆ గది గడపలో కూచుని కాపలా కాసేదాన్ని. ఇంట్లో పెద్దవాళ్ల చర్చ మాత్రం వేరేగా నడిచింది. తలలో పెట్టుకోకూడదన్న మాట అందరికీ తెలుసు; గాజు కుండలో పెట్టుకోకూడదని ఎక్కడుందో ఎవరూ చూపించలేకపోయారు. మా నాన్నగారు ఇలాంటి సందర్భాల్లో ఎప్పుడూ చేసేదే చేశారు, చెప్పులేసుకుని చేలోకి వెళ్లిపోయారు. చివరికి మామ్మే తీర్పిచ్చింది: దేవుడికి పెట్టేవీ, తలలో పెట్టేవీ ఆ కుండలోకి వెళ్లడానికి వీల్లేదు. మళ్లీ అలాంటి పువ్వు అందులో కనపడితే వాజు బీరువాకి పోతుంది.

అంటే ఎవరికీ అక్కర్లేని పువ్వులే ఆవిడకి మిగిలాయి. నెల్లిమర్ల మిల్లు క్వార్టర్సులో ఉండే మా చిన్నాన్న ఒకసారి వస్తూ అక్కడి తోటల్లోంచి ఏవో గింజలు కాగితం మడతలో తెచ్చాడు. ఆ వానాకాలానికి మా పెరట్లో జీనియాలు లేచాయి, కాస్మాస్ లేచింది, ఊళ్లో ఎవరూ పేరెరగని పసుపూ ఎరుపూ రేకల పువ్వులు లేచాయి. వీటిని పూజారి ముట్టుకోడు, ఆడవాళ్లు తలలో పెట్టుకోరు. మేనత్త ముఖం చూస్తే గవర్నమెంటు పోరంబోకుకి పట్టా వచ్చినట్టుంది.

అక్కడ మొదలైంది మా చదువు. జీనియా కాడ గరుగ్గా ఉంటుంది గానీ మాట మీద నిలబడే మనిషి లాంటిది, వారం దాటినా తల వంచదు. కాస్మాస్ అందగత్తె, మర్నాటికే రేకలు రాలుస్తుంది. గుమ్మానికి కట్టే బంతి గట్టిదే గానీ నీళ్లు తొందరగా కంపు కొడతాయి. సీతమ్మవారి జడబంతి ఎండిపోయాక కూడా ఎండినట్టు ఒప్పుకోదు. పొద్దున్నే మంచు ఆరకముందు కోసిన కాడా, మధ్యాహ్నం ఎండలో కోసిన కాడా పక్కపక్కన పెట్టి ఏది ముందు వాలుతుందో చూసేవాళ్లం. నీళ్లలో ఉప్పేసి చూశాం, పంచదార వేసి చూశాం. పంచదారకి చీమలొచ్చాయి, అది కూడా తెలుసుకోదగ్గ విషయమే. తరవాత నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను గానీ, ఆ గదిలో తెలిసినంత కొత్తగా ఏదీ తెలియలేదు.

అంత తీర్పిచ్చిన మామ్మ రోజూ ఏదో ఒక వంకన ఆ గదికి వచ్చేది. సూది కావాలనో, చల్లగా ఉందనో. వచ్చి కుండ వైపు చూడకుండా కూచునేది, చాలాసేపు.

నేల సంపెంగలు పూసిన రోజుల్లో ప్రమాదం జరిగింది. అవి దేవుడి పువ్వులు, అందులో అనుమానం లేదు. పూజ గదిలో పెట్టగా ఒక కాడ మిగిలితే మేనత్త తెచ్చి వాజులో పెట్టింది. జీనియాలైతే నోరెత్తవు, ఇది చీకటి పడేసరికి ఎండు చేపల గాలిని కూడా నెట్టేసి ఇల్లంతా చాటింపు వేసింది. మామ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. వాజు ఇవాళ్టితో బీరువాకి వెళ్లిపోతుందని నాకు అర్థమైపోయింది, కళ్లలో నీళ్లు కూడా తయారు చేసుకున్నాను. మేనత్త మిషను తొక్కడం ఆపలేదు, తలెత్తలేదు. పాదాలు మాత్రం తడబడ్డాయి, దారం తెగింది.

మామ్మ లోపలికొచ్చింది. వంగి, తెల్లచీర చెంగు వెనక్కి లాక్కుని, ఆ కాడ మీద ముక్కు పెట్టింది. మా తాతయ్య పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. మామ్మ తలలో కూడా పువ్వుండదన్న సంగతి ఆ క్షణం దాకా నాకు తట్టలేదు, ముసలివాళ్లు పెట్టుకోరేమో అనుకునేదాన్ని.

“కిటికీకాడ ఎట్టకే, ఎండకి వాడిపోతాది,” అని మాత్రం అని వెళ్లిపోయింది.

ఆ వాజు మళ్లీ బీరువా మొహం చూడలేదు.

ఇప్పుడు పువ్వుకి ఆ మూడో ఉద్యోగమే అసలు ఉద్యోగమైపోయింది. మా పూజ గదిలో దేవుడికి ప్లాస్టిక్ దండ, దాంట్లో చిన్న దీపాలు, స్విచ్చేస్తే వెలుగుతుంది. కోడలికి జడ లేదు, భుజాల దాకా కత్తిరించుకుంది; పెళ్లిళ్లకి మాత్రం అద్దె జడ. పువ్వు ఎవరికోసమని ఇవాళ ఎవరూ అడగరు. అడిగే మామ్మలు లేరు, అడిగించుకోవలసిన అవసరమూ ఎవరికీ లేదు. ఇది మంచికే అని నాకు తెలుసు. అయినా గడపలో కూచుని ఒక పువ్వుకి కాపలా కాసేంత ఆశ్చర్యం మాత్రం నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

మొన్న వాజు సర్దడం అయ్యాక ఒక గులాబీ మిగిలింది, కాడ విరిగి పొట్టిదైపోయింది. కోడలు దాన్ని పట్టుకుని మా మేనత్త కుర్చీ వెనక్కి వెళ్లింది. “అమ్మమ్మగారూ, మీకు పెడతాను ఉండండి. ఈ రోజుల్లో ఎవరేమంటారు?” అంది.

మా మేనత్త నల్లద్దాలు సర్దుకుంది, అరచేత్తో నెత్తి ఒకసారి తడుముకుంది.

“పెట్టమ్మా, నానొద్దంటానా? జుట్టేదీ?”