యాదన్న లోపల ఉన్నట్టు

చిన్నరాములుది లక్డారం. కూలి చేసుకునే ఇల్లు. పటాన్‌చెరు చుట్టూ పొలాలు కంపెనీల కిందికి పోతున్న రోజుల్లో, ఎనభైల నడుమ, అతను ఒక మందుల కంపెనీకి ప్రహరీ గోడ కట్టే పనికి వెళ్లాడు. గోడ పూర్తయింది. అతను గేటు దగ్గర మిగిలిపోయాడు. మొదట ఊడ్చేవాడు. ఏడో తరగతి చదివాడని తెలిశాక టైం ఆఫీసులో కూర్చోబెట్టారు.

టైం ఆఫీసంటే గేటు పక్కన చిన్న గది. కిటికీ రోడ్డు వైపు. గోడకు గడియారం ఉన్న ఇనుప పెట్టె. వచ్చినవాళ్లు అట్టకార్డు అందులో దూర్చితే టైము పడేది. చిన్నరాములు కార్డులకేసి చూసేవాడు కాదు. మనుషుల్ని చూసేవాడు. మలుపు దగ్గర నడకను బట్టి ఎవరో చెప్పేవాడు. పొగమంచులో కూడా.

తొంభైల చివర కంప్యూటరు వచ్చింది. అట్టకార్డు పోయి, వెనక నల్లగీత ఉన్న ప్లాస్టిక్ కార్డు వచ్చింది. కార్డు గీకాలి, నాలుగంకెల నంబరు నొక్కాలి, అప్పుడు ఇనుప కడ్డీ తిరుగుతుంది. ఎవరి నంబరు వాళ్లే పెట్టుకోవాలి. ఎవరికీ చెప్పకూడదు.

చిన్నరాములును హైదరాబాదు పంపి నేర్పించారు. తిరిగి వచ్చాక పర్సనెల్ ఆఫీసరు బాపిరాజు పిలిచి మళ్లీ చెప్పాడు. ఆయనది భీమవరం దగ్గర ఊరు.

"మిషనుకి మనిషి తెలీదు రాములూ. కార్డు తెలుసు, నంబరు తెలుసు. ఆ రెండూ ఎవడి దగ్గరుంటే వాడే మనిషి. అందుకని నంబరు బయటికి పోకూడదు."

హైదరాబాదులో ఇంకొకటి చెప్పారు. మిషను లోపలికి వెళ్లి మార్పులు చేసే పెద్ద పాస్‌వర్డు చిన్నరాములు దగ్గర ఉంటుంది. కానీ దానితో అతను ఏం చేసినా, ఎప్పుడు చేసినా, మిషను పక్కన రాసి పెట్టుకుంటుంది. ఆ రాతను ఎవరూ చెరపలేరు. ఈ మాట అతనికి నచ్చింది. మనుషులు మరిచిపోతారు. ఇది మరవదు.

ఇంట్లో ఆగమ్మ అడిగింది.

"ఏందయ్యా ఆ పాస్వర్డు? నాకు గూడ సెప్పవా?"

"సెప్పొద్దు."

"నేనేమన్న మీ కంపెనీని ఎత్కపోతనా? ఇన్నేండ్ల సంది నీకు బువ్వ పెట్టవడ్తి."

"బువ్వకు దీనికి ఏం సంబంధమే?"

"అయితే ఆ మిషన్నే పెట్టుమను బువ్వ."

అంటూనే గిన్నె ముందుకు జరిపింది. అతను తిన్నాడు. చెప్పలేదు.

గేటు దగ్గర మాత్రం ఎవరి నంబరూ దాగలేదు. దానికి కారణం ఉంది.

ఊళ్లో నాట్లప్పుడు ఒకరి పొలంలోకి ఒకరు వెళ్తారు. కూలి ఉండదు, బదులు ఉంటుంది. ఇవాళ నువ్వు నా మడిలో, రేపు నేను నీ మడిలో. కంపెనీలో చేరిన వాళ్లు ఆ బదులును కంపెనీలోకి తెచ్చారు. బావి మోటారుకు కరెంటు ఒక వారం పగలు ఇస్తారు, ఒక వారం రాత్రి. డ్యూటీ, కరెంటు ఒకే వేళకు పడితే పొలం ఉన్నవాడు పొలానికి వెళ్తాడు. వేరే షిఫ్టువాడు అతని కార్డు తీసుకుని లోపలికి వస్తాడు. ఫోర్మన్లకు తెలుసు. పని ఆగనంతవరకు ఎవరూ అడగలేదు. ప్లాస్టిక్ కార్డు వచ్చాక కార్డుతో పాటు నంబరు కూడా చేతులు మారింది. అంతే తేడా.

చిన్నరాములు కిటికీలోంచి తిట్టేవాడు.

"నంబర్ ఎవలికి సెప్పొద్దంటె ఇనరేందిరా మీరు?"

"దాసుకొని ఏం జెయ్యాలన్నా?" అన్నాడు ఒకసారి యాదన్న. అతనిదీ లక్డారమే. పొలం లేదు. రెండో బ్లాకులో హెల్పరు. పక్కన మల్లయ్య ఉన్నాడు. ఇద్దరూ పక్క పక్క ఇళ్ల వాళ్లు, ఒకే బ్లాకు, వేరు వేరు షిఫ్టులు. "మా ఇంటి తాళంచెయ్యి ఏడ వెడ్తమో వీనికెర్కే. నంబర్ దాస్తె ఏమనుకుంటడు?"

"దొంగనుకుంట" అన్నాడు మల్లయ్య.

"నీ మొకం జూస్తె ఆ మిషనే దొంగనుకుంటది, ఊకో."

చిన్నరాములు నవ్వలేదు. బాపిరాజు దగ్గరికి వెళ్లి చెప్పాడు. బాపిరాజు కాగితాల మీంచి తల ఎత్తలేదు. "ప్రొడక్షన్ ఆగట్లేదు కదా. చూసీ చూడనట్టు పోనీ" అన్నాడు.

చిన్నరాములు పోనిచ్చాడు.

యాసంగి వరి పొట్ట మీద ఉంది, నీళ్లు తప్పకూడదు. ఆ వారం కరెంటు పగలు. మల్లయ్యది పొద్దుటి డ్యూటీ. మలుపు దగ్గర నడక కనబడింది. యాదన్న.

"ఏంది మల్లయ్యా, గింత నల్లగైనవ్?" అన్నాడు చిన్నరాములు.

"ఎండలన్నా. నీ లెక్క గదిల సల్లగ కూసుంటనా?"

యాదన్న మల్లయ్య కార్డు గీకాడు, మల్లయ్య నంబరు నొక్కాడు. కడ్డీ తిరిగింది. తెర మీద మల్లయ్య పేరు వచ్చింది. చిన్నరాములు పేరూ చూశాడు, మనిషినీ చూశాడు.

బువ్వ గంట కొట్టకముందే రెండో బ్లాకులో రియాక్టరు పేలింది. టైం ఆఫీసు కిటికీ అద్దం అతని ఒళ్లో పడింది. లారీల గేటు తెరిచారు. దానికి మిషను లేదు. జనం అందులోంచి రోడ్డు మీదికి పరిగెత్తారు. మంట ఆరేసరికి సాయంత్రం అయింది. లోపల ఒక శవం. ముఖం లేదు.

బాపిరాజు కంప్యూటరులోంచి లోపలికి వెళ్లినవాళ్ల పేర్లు తీయించి రోడ్డు మీద నిలబడి పిలిచాడు. అందరూ పలికారు. మల్లయ్య ఒక్కడే పలకలేదు.

లక్డారానికి మనిషిని పంపారు. మల్లయ్య మడిలో ఉన్నాడు, మోకాళ్ల దాకా బురద. మల్లయ్య చనిపోయాడని ఇంట్లో చెప్పడానికి వచ్చిన మనిషి అతన్ని చూసి గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ కాళ్లతోనే మల్లయ్య గేటు దగ్గరికి వచ్చాడు. బాపిరాజు అందరి ముందూ అడిగాడు.

"లోపలున్నావా, లేదా?"

కార్డు ఇంకొకరికి ఇస్తే నౌకరి పోతుంది. ఆ సంగతి కార్డు వెనకే అచ్చేసి ఉంది. యాదన్న కూడా ఎటో పరిగెత్తి ఉంటాడని మల్లయ్య అనుకున్నాడు. అనుకోవాలని అనుకున్నాడు.

"ఉన్న సార్. లారీల గేట్లకెళ్లి ఉరికిన."

"ఈ బురదేమిటి?"

"కాల్వల పడ్డ సార్."

లెక్క సరిపోయింది. కార్డు గీకి లోపలికి వెళ్లిన ప్రతివాడూ బయటికి వచ్చాడు. శవం ఎవరిదీ కాకుండా మిగిలింది. కాంట్రాక్టు మనిషై ఉంటాడని బాపిరాజు పోలీసులతో అన్నాడు. బీహారు నుంచి, ఒరిస్సా నుంచి వచ్చి డ్రమ్ములు ఎత్తేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కార్డులు లేవు.

యాదన్న ఇంటికి రాలేదు.

తెల్లవారి అతని భార్య మొగులమ్మ, శవాన్ని ఉంచిన సంగారెడ్డి దవాఖానకు వెళ్లింది. గుడ్డ కింద కాలు చూసింది. కుడికాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంటుంది యాదన్నకు. ఆమె అక్కడే కూలబడింది. ఎస్సై మంచిగానే మాట్లాడాడు.

"కాలు జూసి ఎట్ల ఇస్తమమ్మా? నీ మొగడు ఆ దినం లోపలున్నడని కంపెనీ జెప్పాలె. చెప్తె తీస్కపో."

కంపెనీ మిషను చూసి చెప్పింది. యాదన్న ముందురోజు రాత్రే డ్యూటీ దిగి బయటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

చిన్నరాములు బాపిరాజు ముందు నిలబడ్డాడు.

"నేను సూసిన సార్. మల్లయ్య కార్డు మీద యాదన్ననే పోయిండు."

"మల్లయ్య నేనే వెళ్లానంటున్నాడు. మిషనూ అదే అంటోంది. నువ్వొక్కడివే కాదంటున్నావు." బాపిరాజు లేచి తలుపు దగ్గరగా వేశాడు. "వచ్చే వారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడు. మా గేటులోంచి ఎవరు వెళ్తారో మాకే తెలీదని చెప్పమంటావా? నీ నోటితో చెబుతావా?"

"సెప్త సార్."

"అప్పుడు నిన్నేం అడుగుతాడో కూడా ఆలోచించుకో. చూసి ఎందుకు పోనిచ్చావని."

అతను అక్కడినుంచి మల్లయ్య దగ్గరికి వెళ్లాడు. మల్లయ్య గట్టు మీద ఉన్నాడు. మోటారు నీళ్లు పోస్తోంది. మడి నిండి పొర్లుతోంది. అతను చూడడం లేదు.

"మాట మారిస్తె నౌకరి పోతదన్నా. కేసయితది. నేనే సంపిన్నంటరు."

"మొగులమ్మ దవాఖాన్ల కూసున్నదిరా."

మల్లయ్య లేచి మోటారు బంద్ చేశాడు. మళ్లీ వచ్చి అక్కడే కూర్చున్నాడు. చిన్నరాములు చాలాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున్నే మొగులమ్మ టైం ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది. కిటికీకి అద్దం లేదు.

"మిషన్ నీ చేతుల్నే ఉంటదంట గదన్నా. ఆయన పేరు పెట్టు."

"పెట్టొద్దు మొగులమ్మా. అట్ల పెట్టొద్దు."

"నువ్వు సూసినవా, లేదా?"

"సూసిన."

"సూసిందే పెట్టమంటున్న గద. లేంది పెట్టమంటలేను."

అతను తెర వైపు వేలు చూపించాడు. "నేను పెట్టింది, ఎప్పుడు పెట్టింది, అంత మిషన్ రాసుకుంటది. ఎన్కనుంచి దొరుకుతది. అప్పుడు నా మాట గూడ అబద్ధమయితది. యాదన్న ఆడ్నే సచ్చిండని సెప్పెటోడు ఇగ ఎవ్వడుండడు. ఇన్‌స్పెక్టర్ వచ్చెదాంక ఆగు. నేను సెప్త."

"అందాంక ఉంచరంట. దిక్కులేని పీనుగని ఇయ్యాల మున్సిపాలిటోళ్లు తీస్కపోతరంట." ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది. "ఎన్కటి సంగతి నాకెందుకన్నా. ఆయనను ఏడనో బొంద పెడ్తరు. నన్ను జెర ఇంటికి తీస్కపోనియ్యి."

చిన్నరాములు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఎవరికీ చెప్పని మాట నొక్కాడు. మల్లయ్య పేరు ముట్టుకోలేదు. దాని కింద యాదన్న పేరు పెట్టాడు. తాను చూసిన వేళ పెట్టాడు. కాగితం తీసి, టైం ఆఫీసు ముద్ర వేసి, కిటికీలోంచి ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి రవికలో పెట్టుకుంది.

ఎస్సై కాగితం చదివాడు. శవాన్ని ఇచ్చాడు.

లక్డారంలో మట్టి చేశారు. పాడె ముందు కొమ్ము మల్లయ్య పట్టాడు. ఎవరూ వద్దనలేదు. మొగులమ్మ అతని వైపు చూడలేదు.

విచారణ నాడు హైదరాబాదు నుంచి మిషను తెలిసినవాళ్లు వచ్చారు. ఇన్‌స్పెక్టరు ముందు తెర తెరిచి చూపించారు. యాదన్న లోపలికి వెళ్లినట్టు ఉన్న రాత, మంట ఆరిపోయాక పుట్టింది. పెట్టింది చిన్నరాములు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగాడు.

"నువ్వే మార్చినవ్. నువ్వే నిజమంటున్నవ్. ఎట్ల నమ్మాలె?"

"నేను సూసిన సార్."

"ముందుగాల్ల ఎందుకు చెప్పలే?"

"సెప్పిన సార్."

బాపిరాజు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చిన్నరాములు చెప్పాడో లేదో ఎవరూ ఆయన్ని అడగలేదు. యాదన్న పేరును మిషనులోంచి తీసేశారు. చిన్నరాములును నౌకరిలోంచి తీసేశారు. పోలీసు కేసు పెట్టలేదు. కంపెనీకి పేపర్లలోకి ఎక్కడం ఇష్టం లేదు. వానలు పడేనాటికి రెండో బ్లాకుకు కొత్త రేకులు వేశారు.

ఆగమ్మ కూలికి ఎప్పటికన్నా ముందు లేచి వెళ్లేది. చిన్నరాములు కొన్నాళ్లు ఇటుక బట్టీలో చేశాడు. తర్వాత రుద్రారంలో ఒక హాస్టలుకు కాపలాదారు అయ్యాడు. వచ్చే పోయే పిల్లల ముఖాలు చూసేవాడు. పేర్లు అడిగేవాడు కాదు.

ఏడాది దాటాక మొగులమ్మ వితంతు పింఛను కోసం గ్రామ పంచాయతీకి వెళ్లింది. చనిపోయినట్టు సర్టిఫికెట్టు తెమ్మన్నారు. పంచాయతీ కార్యదర్శి కుర్రవాడు, బయటి ఊరు. ఎక్కడ చనిపోయాడని అడిగాడు. కంపెనీలో అంది. కంపెనీ రాసివ్వాలన్నాడు. కంపెనీ ఇవ్వనంది. యాదన్న డ్యూటీకి రావడం మానేశాడని, అందుకే పేరు కొట్టేశామని చెప్పి పంపింది. ఆమె చాలాసార్లు తిరిగింది. చివరికి కార్యదర్శే విసిగి, జాలిపడి, దారి చెప్పాడు. ఇంట్లో చనిపోయాడని రాద్దాం. ఊరివాళ్లు ఇద్దరు సాక్షి సంతకం పెడితే చాలు.

ఇద్దరు వచ్చారు. మల్లయ్య, చిన్నరాములు.

మల్లయ్య మొదట పెట్టాడు. పెన్ను చిన్నరాములు చేతికి వచ్చింది. అతను కాగితం అంతా చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. కార్యదర్శి గడియారం చూసుకున్నాడు.

"పెట్టన్నా" అన్నాడు మల్లయ్య, నేల చూస్తూ.

చిన్నరాములు సంతకం పెట్టాడు. మొగులమ్మ వేలిముద్ర వేసింది. వేలిని గోడకు తుడిచింది. బయటికి వచ్చాక అడిగింది.

"ఏమని రాసిన్రన్నా?"

"ఇంట్ల పోయిండని."

"ఏమయి పోయిండంట?"

"జరమొచ్చి."

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. "ఎన్నొద్దులొచ్చిందంట జరం?" అని అడిగింది. ముగ్గురూ ఊళ్లోకి నడిచారు, ఒకరి వెనక ఒకరు.