ముందు సీట్లో రాజవ్వ

కొన్నేళ్లుగా ఒక "ఆఁ" నా గొంతులో ఉండిపోయింది. పెద్ద మాట కూడా కాదు. ఎవరో అడిగారు, నేను ఆఁ అన్నాను. అంతే. అన్నం తింటుంటే అది అడ్డం పడుతుంది. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ముందు అదే వినిపిస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెబుదామని చాలాసార్లు బయల్దేరాను. మా ఆవిడ ముందు కూర్చుని, నోరు తెరిచి, కూరలో ఉప్పు తక్కువైందన్నాను. పాస్టరుగారి దగ్గరికి పోయి చర్చి రేకులు కారుతున్న సంగతి మాట్లాడి వచ్చాను. ఇక మిమ్మల్ని పట్టుకున్నాను. విసుక్కోకండి. నాకు వరసగా చెప్పడం చేతకాదు. కొన్నిచోట్ల నాకే తెలియదు. తెలిసినంత చెబుతాను.

మాది కథలాపూర్ దగ్గర ఒక పల్లె. మాకు భూమి లేదు, మా నాయనకూ లేదు. ఊళ్లో సగం మంది మగవాళ్లలాగే నేనూ గల్ఫుకు పోయాను. అందరూ కట్టడాల పనిలో పడితే నేను సముద్రం ఒడ్డున పడ్డాను. టూరిస్టులను తిప్పే స్పీడ్ బోట్లు కడగడం నా పని. కడుగుతూ కడుగుతూ నడపడం నేర్చుకున్నాను. నేర్పింది ఒక మలయాళీ పెద్దమనిషి. తిట్టకుండా ఆయన ఏదీ చెప్పేవాడు కాదు. నీళ్లు లేచిన రోజు బోటుకు బ్రేకు ఉండదు, నీ కుడిచెయ్యే బ్రేకు అనేవాడు. ఇంజను వేగం పెంచే రేసు పిడి మీద నుంచి ఆ చెయ్యి తియ్యొద్దు. అలను నేరుగా గుద్దొద్దు, పక్క నుంచి తగలనియ్యొద్దు, కొంచెం ఏటవాలుగా ఎక్కు. ఎక్కుతుండగానే రేసు తగ్గించు. తగ్గించకపోతే అల అయిపోయినా బోటు ఆగదు, గాల్లోకి లేస్తుంది. లేచింది పడక తప్పదు, పడేటప్పుడు ముందు భాగం కొట్టుకుంటుంది. అందుకే గాలి ఉన్న రోజు ముందు సీట్లో మనిషిని పెట్టకు, నడుములు విరుగుతాయి. నీళ్లు మెత్తగా ఉంటాయనుకుంటావు గానీ ఆ వేగంలో అవి సిమెంటు రోడ్డే.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

నేను తిరిగొచ్చేసరికి సిరిసిల్ల దగ్గర కొత్త డ్యాం నిండింది. అక్కడ బోటు పెట్టినాయనకు డ్రైవరు కావాలి. నేను దొరికాను. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. మునిగిన ఊళ్లవాళ్లు పునరావాస కాలనీల నుంచి వచ్చి మా బోటు ఎక్కుతారు, షికారుకు కాదు. గుట్ట కొస ఒకటి, నీళ్లలో నిలిచిపోయిన కరెంటు స్తంభం ఒకటి చూసుకుని, ఇదిగో మా వాడ, ఇదిగో మా బాయి అని గుర్తుపడతారు. వాళ్ల పోచమ్మ గుడి ఉన్న చోటు రాగానే అందరూ ఒక్కసారి లేచి నిలబడి చేతులు జోడిస్తారు. పసుపు, బంతిపూలు నీళ్లలో వదులుతారు. కూర్చుని మొక్కడం అమ్మవారికి మర్యాద కాదని వాళ్ల పట్టుదల. బోటు ఊగుతుంటే లేచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. కూర్చోండి, కూర్చోండి అని అరిచేవాణ్ని. వాళ్లు వినేవాళ్లు కాదు. ఒడ్డున అందరికీ ఈ సంగతి తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి, నా అబద్ధం దీని మీదే నిలబడింది.

రాజవ్వ ఆ రోజు తన బిడ్డ సుజాతతో వచ్చింది. మా అమ్మ వయసు మనిషి. బీడీలు చేసి సంసారం గడిపింది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కూర్చుని చేసే పని అది, ఆకు కత్తిరించి కత్తిరించి ఆమె వేళ్ల కొసలు నల్లగా ఉండేవి. ఆకాశంలో మబ్బు పట్టింది. గాలి లేచింది. ఎక్కుదామని వచ్చినవాళ్లు నీళ్లను చూసి వెనక్కి తగ్గారు. సుజాతకు నీళ్లంటే మామూలుగానే భయం, వద్దే అమ్మా అని చెయ్యి పట్టుకుంది. రాజవ్వ వినలేదు. సుజాత ఒడ్డునే ఆగిపోయింది.

అప్పుడు నేను చెయ్యాల్సిన పని ఒక్కటే, తాళం జేబులో వేసుకుని టీ తాగడానికి పోవడం. పోలేదు. "నేనున్న గద, ఏం గాదు" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ వెతుక్కుంటున్నాను. ఆమె మీద జాలా? సముద్రంలో నడిపినవాణ్ని, ఇదెంత అనే పొగరా? రెండూ కావచ్చు. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

ఆమెకు లైఫ్ జాకెట్ తాళ్లు నేనే బిగించాను. ఇంజను ఆపే ఎర్రతాడు నా నడుముకు తగిలించుకున్నాను. ఇవన్నీ సరిగ్గా చేశాను, మరి ఆమెను ముందు సీట్లో ఎందుకు కూర్చోనిచ్చాను? వెనక సీటు చూపిస్తే ఆమె ఒప్పుకోలేదు.

"నేను ముందట్నే కూసుంట కొడుకా. మా ఊరు నాకే ముందుగాల కనవడాలె."

"ఊరేడ కనవడ్తదవ్వా, అన్ని నీళ్లే గదా."

"నీకు నీళ్లే. నాకు గట్ల గాదు."

నవ్వాను. కూర్చోమన్నాను.

పోయేటప్పుడు గాలి మా వెనక నుంచి వచ్చింది, కష్టం తెలియలేదు. గుడి చోటుకు చేరాక రేసు తగ్గించాను. బోటు ఊగుతోంది. ఆమె సీటు మీద చెయ్యి ఆనించి లేవబోయింది.

"వద్దవ్వా, పడ్తవు. కూసునే మొక్కు."

"తప్పు గాదా కొడుకా?"

"నేను చెప్తున్న గద, తప్పు గాదు."

పోచమ్మ తరఫున తీర్పు చెప్పిన క్రైస్తవుణ్ని నేను. ఆమె నన్ను నమ్మింది. నా బోటు ఎక్కిన ఇంతమందిలో నా మాట విన్నది ఆమె ఒక్కతే. కూర్చునే చేతులు జోడించింది, కూర్చునే పూలు వదిలింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తిరుగు దారిలో గాలి ఎదురైంది. సముద్రం అల వెడల్పుగా ఉంటుంది, ఎక్కి దిగడానికి సందు దొరుకుతుంది. డ్యాం అలలు అలా కాదు. పొట్టివి, దగ్గర దగ్గరగా వస్తాయి, ఒకటి దిగకముందే ఇంకొకటి. మెల్లగా రావాలి. కొంతదూరం మెల్లగానే వచ్చాను. తర్వాత వేగం పెంచాను. చినుకులు మొదలయ్యాయి, ఒడ్డుకు చేరాలనే తొందర ఉంది. అది నిజమే. కానీ ముసుగు తొలగించి చెప్పాలంటే ఇంకొకటి కూడా ఉంది. బోటు ఒక చిన్న అల మీద కొంచెం ఎగిరి పడింది. రాజవ్వ చిన్నపిల్లలా కిలకిల నవ్వింది. అప్పటిదాకా ఏడ్చిన మనిషి. గల్ఫులో బోటు ఎగిరితే టూరిస్టులు కేకలు పెట్టి చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ నవ్వు వినగానే నాకు ఆ చప్పట్లు గుర్తొచ్చాయి. ఇంకోసారి నవ్వించాలనిపించింది.

పెద్ద అల నాకు కనపడింది. ఇక్కడే అంతా మసక. చెయ్యి పిడి మీదే ఉంది. వెనక్కి తియ్యడం మరిచిపోయానా, ముందుకు తోశానా? తోశాననే అనుకుంటాను. మరిచిపోయానని అనుకున్న రోజున నిద్ర పడుతుంది, అందుకే ఆ మాట మీద నాకు అనుమానం.

బోటు లేచింది. నా కాళ్ల కింద ఏమీ లేనట్టయింది. తర్వాత పడింది. ఆ చప్పుడు చెప్పలేను. రాజవ్వ సీటులోంచి పైకి లేచి మళ్లీ అదే సీటు మీద కూలబడింది, అక్కడి నుంచి కిందికి జారింది. అరవలేదు. "అమ్మా" అని మెల్లగా అంది. లేవమంటే కాళ్లు కదిపింది గానీ నడుము లేవలేదు.

ఒడ్డుకు తెచ్చేసరికి సుజాత నీళ్లలోకే ఉరికొచ్చింది. నీళ్లంటే భయపడే పిల్ల.

"అన్నా, ఏమైందే? లేశిందా? మొక్కెతందుకు లేశిందా?"

నేను ఆఁ అన్నాను.

చూశారా, నేను కల్పించలేదు. ఆమే అడిగింది, నేను ఆఁ అన్నానంతే. చాలాకాలం దీన్ని పట్టుకుని వేలాడాను. అడిగినదానికి ఆఁ అంటే అది అబద్ధమా? గాబరాలో వచ్చిన మాట లెక్కలోకి వస్తుందా? కానీ కాసేపటికి బోటు యజమాని అడిగాడు. అప్పటికి గాబరా తగ్గింది. "ఎంత చెప్పినా ఇనకుంట లేశింది" అని పూర్తి మాటలే చెప్పాను. ఎవరూ మారు ప్రశ్న వెయ్యలేదు. ఎందుకు వేస్తారు? అందరూ లేస్తారు కదా.

ఆసుపత్రిలో నడుము ఎముక చితికిందన్నారు. నడవగలుగుతుంది, ఎక్కువసేపు కూర్చోలేదు అన్నారు. కూర్చోలేకపోతే బీడీలెక్కడివి? సుజాత తల్లిని కోరుట్లలో తన ఇంటికి తెచ్చుకుంది. నేను మా ఊరి నుంచి సంతకు పోయే దారిలోనే ఆ వాడ. చాలా రోజులు నా మోటారు బండి ఇంకో సందు నుంచి తిప్పుకుని పోయాను. ఒకరోజు తిప్పలేదు. ఎందుకో తెలియదు. చెప్పెయ్యాలనే పోయాననుకుంటాను. పళ్లు కూడా కొనుక్కుని పోయాను.

సుజాత చాట ముందు కూర్చుని ఉంది, తన బీడీలూ తల్లి బీడీలూ ఇప్పుడు ఆమే చెయ్యాలి. నన్ను చూసి, "చూడన్నా, చెప్తె ఇంటే గిట్లయితుండెనా" అని తల్లి వైపు గయ్యిమంది. రాజవ్వ గోడవారగా పక్కకు తిరిగి పడుకుని ఉంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. సుజాత నీళ్లు తేవడానికి లోపలికి పోయాక మెల్లగా అంది.

"నాకు సరిగ యాదికి అస్తలేదు కొడుకా. నువ్వు లేవద్దన్నది యాదికున్నది. మరెందుకు లేశిననో."

నోరు తెరిచాను. ఇదే సమయం అనుకున్నాను.

"బిడ్డ తిడ్తది. తిట్టనియ్యి. గని ఒక్కటి చెప్పు. లేశినప్పుడు రెండు చేతులు మంచిగ జోడిచ్చిన్నా?"

ఆమె కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. అందులో అనుమానం లేదు. ఆశ ఉంది.

"జోడిచ్చినవవ్వా. మంచిగ మొక్కినవు."

"గట్లయితె సాలు. నడుము పోతె పోయింది. తల్లికి నిలవడి మొక్కిన."

ఆ రోజు బయటికొచ్చి బండి తాళం ఎక్కడ పెట్టానో తెలియక అక్కడే చాలాసేపు నిలబడ్డాను. తాళం బండికే ఉంది.

ఇప్పుడు చెప్పండి. నిజం చెబితే బిడ్డ తిట్లు ఆగుతాయి. ఆమె తప్పు లేదని తేలుతుంది. కానీ ఆమెకు మిగిలిన ఆ ఒక్క తృప్తి కూడా నేనే లాక్కున్నట్టవుతుంది. ఇది ఆమె కోసం ఆలోచిస్తున్నానా, నా పని పోకుండా ఒక మంచి సాకు దొరికిందా? ఎంత తవ్వినా ఈ రెండూ నాకు విడివిడిగా దొరకడం లేదు.

నా అబద్ధం ఆమె దగ్గర ఆగినా బాగుండేది. ఆగలేదు. యజమాని రేవు దగ్గర బోర్డు రాయించాడు, బోటులో లేచి నిలబడరాదని. మంచి మాటే. కానీ గాలి రోజున బోటు కట్టెయ్యమని అందులో లేదు, ముందు సీటు ఖాళీగా ఉంచమని లేదు, అల ముందు రేసు తగ్గించమని లేదు. అవి లేకపోవడానికి కారణం నేను. ఈ ఎండాకాలం రెండో బోటుకు కొత్త డ్రైవరు వచ్చాడు, బుగ్గారం వైపు మనిషి. నేర్పే పని నాకే పెట్టారు. ముందు సీట్లో ఎవరినీ పెట్టొద్దంటే అతను బోర్డు వైపు చూశాడు.

"గది బోర్డు మీద లేదు గదన్నా. గా ముసలామె లేశినందుకే పడ్డది గదా?"

ఆఁ అన్నాను. మళ్లీ.

మర్నాడు గాలిలో అతను ఒక కుటుంబాన్ని తీసుకుపోయాడు. ముందు సీట్లో ఒక పెద్దామె. నేను ఒడ్డు నుంచి చేతులూపి అరిచాను. అతను కూడా చెయ్యి ఊపాడు. వాళ్లు నవ్వుకుంటూ తిరిగొచ్చారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం రెండు బోట్ల ముందు సీట్ల పరుపులు ఊడదీసి దాచాను. అడిగితే ఎలుకలు కొరికాయన్నాను. నిజం చెప్పాల్సిన చోట కూడా నా చేతికి అబద్ధమే అందింది. కొత్త పరుపులు వచ్చేదాకా ఎవరూ అక్కడ కూర్చోరు. వచ్చాక ఏం చేస్తానో నాకు తెలియదు.

మీరు క్షమించాలని ఇదంతా చెప్పలేదు. మీరు క్షమిస్తే ఆమె నడుము బాగుపడదు, మీకు చెప్పినంత మాత్రాన ఆ బోర్డు మారదు. నాకు ఒక్కసారి ఆ మాట పూర్తిగా బయటికి అనాలని ఉంది. కోరుట్లలో ఆ గోడ పక్కన అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను.

రాజవ్వ లేవలేదు. కూర్చోమన్నాను, కూర్చుంది. కూర్చునే మొక్కింది.