రేపల్లె రైసుమిల్లులో నా ఎడమ చెయ్యి

మొన్న ఆదివారం రేపల్లెలో నేను చేసిన నిర్వాకం చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ మూడు రోజులుగా నవ్వుతూనే ఉంది. డెబ్బై మూడేళ్ళొచ్చి, బి.ఏ. పాసై, కాలవల ఆఫీసులో ముప్పై ఏళ్ళ పైన ఫైళ్ళు మోసిన మనిషిని, ఓ రైసుమిల్లులో హమాలీలందరూ చూస్తుండగా ఏడో తరగతి పిల్ల ముందు తల దించుకుని నిలబడ్డాను! టీ చల్లారేలోగా చెప్పేస్తాను. మధ్యలో పక్కదారి పడితే మీరే లాగండి. నాకా జబ్బుంది.

మా మనవరాలు హారిక ఇక్కడే తెనాలిలో చదువుతోంది. వాళ్ళ బడిలో గైడ్స్ దళం ఉంది. మగపిల్లలైతే స్కౌట్స్, ఆడపిల్లలైతే గైడ్స్. మెడలో స్కార్ఫు, నడుముకి బెల్టు, బూట్లకి పాలిష్. ఆ పాలిష్ నా డ్యూటీ. హారిక ఏడుగురు పిల్లల జట్టుకి లీడరు. ఆ ఏడుగురూ మా అరుగు మీద కూర్చుని తాళ్ళతో ముళ్ళు వేయడం ప్రాక్టీసు చేస్తుంటే, మా ఆవిడ బట్టలారేసే తాడు వారానికోసారి మాయమవుతూ ఉంటుంది.

ఈ పిల్లలకి బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలో మూడు రోజుల క్యాంపు ఖాయమైంది. జట్టులో నలుగురు పిల్లలు తెనాలి దాటి ఎక్కడా రాత్రి ఉండి ఎరగరు. ఇద్దరైతే సముద్రమే చూడలేదు. తెనాలి నుంచి సముద్రం ఎంత దూరమండీ? నేను బాపట్లలో చదువుకునే రోజుల్లో సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి... సరే, అది వదిలేయండి.

వాళ్ళ గైడ్ కెప్టెన్ సువార్తమ్మ టీచరు గారిది ఒకటే మాట: "చందాలు అడుక్కోవద్దు, సంపాదించుకోండి." దాంతో చీరాలలో ఒక పిల్ల మేనమామ మగ్గం గుడ్డ ముక్కలు ఓ గోనెసంచి నిండా పంపించాడు. తల్లులు వాటితో చేతిసంచులు కుట్టారు, పిల్లలు మార్కెట్టు బయట నిలబడి అమ్మారు. నేనూ నాలుగు కొన్నాను. సొంత మనవరాలే కదా, ఓ పది తగ్గిస్తుందేమో అని అడిగాను. "తాతయ్యా, ఇది క్యాంపు డబ్బు" అంది. అంతే! పూర్తి రేటు ఇచ్చుకున్నాను.

అలా బస్సుకీ, బియ్యానికీ సరిపోయింది. డేరాలకి మాత్రం చాల్లేదు. అప్పుడు సువార్తమ్మ గారు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మా అబ్బాయీ కోడలూ పొద్దున్నే రైలెక్కి విజయవాడ ఉద్యోగాలకి పోతారు గనక నేను వెళ్ళాను. గదినిండా తల్లులు, ఇద్దరు తండ్రులు, ఒక పంచె. ఆ పంచె నాది.

టీచరు గారు చెప్పింది ఇదీ: రైసుమిల్లుల్లో ధాన్యం మీద కప్పే బరకాలు ఉంటాయి. ఓ ఎనిమిది అరువిస్తే సరుగుడు కర్రల మీద కట్టి డేరాలు చేసుకోవచ్చు. "అవి దొరక్కపోతే క్యాంపు మానుకోవాల్సిందేనండి. వాన పడితే ఇంతమంది ఆడపిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టను?"

ఒకాయన మంచినీళ్ళ డబ్బాలు తెస్తానన్నాడు. ఒకావిడ గోంగూర పచ్చడి పట్టిస్తానంది. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని నేనూ చెయ్యెత్తాను. "రేపల్లెలో నాకు బాగా తెలిసిన మిల్లుంది టీచరమ్మా! బరకాల సంగతి నాకొదిలేయండి."

బాగా తెలిసిన మిల్లు అంటే ఏంటనుకున్నారు? ఇప్పుడున్న యజమాని కోటేశ్వరరావు గారి తండ్రి పాతికేళ్ళ క్రితం ఏదో కాలవ పని మీద మా ఆఫీసుకి వచ్చి, నా బల్ల ముందు అరగంట కూర్చున్నాడు. అదీ పరిచయం!

ఇంటికొచ్చి చెబితే హారిక కళ్ళు ఇంతలు చేసుకుంది. "అయితే తాతయ్యా, నువ్వు మా దళం తరఫున వెళ్తున్నట్టు. నీకు మా మర్యాదలన్నీ తెలియాలి." ఆ సాయంత్రం నుంచి ట్రైనింగు. మూడు వేళ్ళతో కుడిచేతి సెల్యూటు. ఆ తర్వాత కరచాలనం. అది మాత్రం ఎడం చేత్తో! గైడ్స్ ఒకరికొకరు ఎడం చెయ్యే ఇచ్చుకుంటారట.

మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "శుభమా అని పనిమీద వెళ్తుంటే ఎడం చెయ్యేంటే!"

"గుండె ఎడం పక్కనే కదా నానమ్మా ఉంటుంది. ఆ చెయ్యిస్తే మనసిచ్చినట్టు."

"పొట్ట కూడా ఎడం పక్కకే ఉంటుంది. అన్నం ఆ చేత్తో తింటున్నావా?"

వాళ్ళిద్దరూ వాదించుకుంటున్నారు గానీ నేను వేరే లోకంలో ఉన్నాను. మీకెప్పుడూ చెప్పలేదు, నాది పుట్టుకతో పుర్రచేతివాటం. కొలకలూరు బడిలో పలక మీద ఎడం చేత్తో రాస్తే మేష్టారు వేళ్ళ మీద కొట్టేవారు. ఇంట్లో మా నాన్న అన్నం తినేటప్పుడు నా ఎడం చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేవాడు. ప్రేమ లేక కాదు. నలుగురిలో నన్ను నవ్వుతారని భయం ఆయనకి. అలా ఆ చెయ్యి ఓ మూలకి పోయింది. సంచులు మొయ్యడానికీ, గొడుగు పట్టుకోడానికీ తప్ప ఎవరూ దాన్ని పిలవలేదు. ఇన్నేళ్ళ తర్వాత మనవరాలొచ్చి "తాతయ్యా, ఎడం చెయ్యివ్వు" అని తన చిన్న అరచెయ్యి చాపితే, ఏం చెప్పమంటారు? పిలుపు కోసం కాచుక్కూర్చున్నట్టు ఎగిరి వచ్చేసిందండీ అది!

వారం రోజులు అదే పని. పొద్దున లేస్తే సెల్యూటు, ఎడం చెయ్యి. బడికి వెళ్తూ సెల్యూటు, ఎడం చెయ్యి. పేపరు వేసే అతనికి కూడా ఇవ్వబోయాను. అతను పేపరు అరుగు మీద పడేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఉదయం రేపల్లె పాసింజరెక్కాం, నేనూ హారికా. తను యూనిఫాంలో, నేను ఉతికిన పంచె మీద తన పాత స్కార్ఫుతో. వేమూరు దాటాక నన్ను తట్టింది. "తాతయ్యా, నిన్న చెప్పింది గుర్తుందిగా? ఎడం చెయ్యి మాలో మాకే. బయటివాళ్ళకి నమస్కారం పెట్టు." కిటికీలోంచి కాలవ కనిపిస్తోంది. ఆ లాకుల దగ్గర ఒకసారి మా ఇంజనీరు గారి జీపు... ఆ కథ నోట్లో ఉండగా తను చెప్పింది. నేను "ఊఁ ఊఁ" అన్నాను. ఆ "ఊఁ" ఉంది చూశారూ, అదే నా కొంప ముంచింది.

మిల్లులో కోటేశ్వరరావు గారు కాటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. యాభై ఏళ్ళుంటాయి. నుదుట బొట్టు, తెల్ల చొక్కా, మాట తక్కువ మనిషి. నేను వాళ్ళ నాన్నగారి పేరు చెప్పి, కాలవ చెప్పి, క్యాంపు చెప్పి, మళ్ళీ కాలవ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"బరకాలు ఇస్తే తిరిగి రావట్లేదు బాబాయ్ గారూ. అదీ నా బాధ. పోయిన ఏడాది పెళ్ళికని ఆరు పట్టుకెళ్ళారు. నాలుగొచ్చాయి. అందులో ఒకటి సాంబారుతో సహా వచ్చింది."

హారిక నా పక్కన ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. ఆయన దాని మొహం చూశారు. కాస్త మెత్తబడ్డారు. "సరే, ఆడపిల్లలు ఆశపడుతున్నారు. ఇస్తాను లెండి" అని లేచి, నవ్వుతూ చెయ్యి చాపారు.

అప్పుడండీ! నా కుడిచెయ్యి సెల్యూటుకి నుదుటి దాకా వెళ్ళింది, ఎడం చెయ్యి ఆయన ముందుకి వెళ్ళింది. ఠంచనుగా. వారం రోజుల ట్రైనింగు మరి!

కోటేశ్వరరావు గారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మూట దించుతున్న హమాలీ దించకుండా నిలబడిపోయాడు.

"ఏంటండీ ఇది? పొద్దున్నే, కాటా ముందు, ఎడం చెయ్యా?"

గబగబా చేతులు మార్చబోయాను. ఆ కంగారులో టీచరు గారిచ్చిన ఉత్తరం ఎగిరి తవుడు కుప్పలో పడింది. వంగి తీశాను. లేచేసరికి మీసాలనిండా తవుడు. ఉత్తరం దులిపి, ఎంతో వినయంగా, ఆయనకి అందించాను. ఏ చేత్తో అనుకున్నారు? మళ్ళీ ఎడం చేత్తోనే!

"మా నాన్న ఇక్కడ ఎడం చేత్తో ఇచ్చిన కాగితం ముట్టేవాడు కాదు బాబాయ్ గారూ."

"అది... గుండె ఎడం పక్క ఉంటుంది కదండీ..."

"గుండె సంగతి డాక్టరు గారికి చూపించండి. బరకాల మాట ఇక వదిలేయండి." ఆయన కూర్చున్నారు.

ఇక్కడిదాకా నవ్వారు కదా. ఇప్పుడు చెప్పేది నవ్వుకునేది కాదు. బరకాలు పోయాయి, క్యాంపు పోయింది, మీటింగులో నేనెత్తిన చెయ్యి అందరికీ గుర్తుంటుంది. ఆ భయంలో నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. "నా తప్పేం లేదండీ! ఈ పిల్లే నేర్పింది. బయటివాళ్ళకి ఇవ్వకూడదని నాకు చెప్పనేలేదు!"

హారిక నా వైపు తిరిగింది. కోపంగా కాదు. ఆశ్చర్యంగా.

"చెప్పాను తాతయ్యా." చిన్న గొంతుతో అంది. "నిన్న ఒకసారి చెప్పాను. రైల్లో ఒకసారి చెప్పాను. నువ్వు ఊఁ అన్నావు."

కోటేశ్వరరావు గారు దాన్ని తేరిపార చూశారు. "ఏమ్మా, పెద్దాయన్ని నలుగురిలో అలా అనచ్చా? పోనీ, చెప్పడం నేనే మర్చిపోయానని అను. గొడవ వదిలిపోతుంది. బరకాలిచ్చేస్తాను."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తెలుసు, ఆ క్షణంలో దానికి ఏడుగురు పిల్లలూ, సముద్రమూ కనిపిస్తున్నాయి. స్కార్ఫు కొస గట్టిగా పట్టుకుంది.

"మా తాతయ్యంటే నాకు చాలా ఇష్టమండి. కానీ చెప్పానండి."

నా ప్రాణం చచ్చినంత పనైంది. ఇంత గడ్డం నెరిశాక నా పరువు కాపాడుకోడానికి నేను అబద్ధమాడితే, ఇంత ఆశ పెట్టుకుని కూడా అది ఆడలేదు. "చెప్పింది బాబూ" అన్నాను. "రెండుసార్లు చెప్పింది. నేనే మర్చిపోయాను. మర్చిపోయి, దాని మీదకి నెట్టాను. నన్నేమన్నా అనండి, పిల్లల క్యాంపు మాత్రం..."

ఆయన హారికనీ నన్నూ మార్చి మార్చి చూశారు. అంతలోనే పగలబడి నవ్వారు. "బాబాయ్ గారూ, ముందా మీసాలు తుడుచుకోండి!" అని, గుమాస్తాని కేకేశారు. "సుబ్బారావూ! మంచి బరకాలు చూసి ఎనిమిది తీయించు. మంగళవారం లారీలో తెనాలి పంపిద్దాం. పుస్తకంలో సంతకం ఈ అమ్మాయి చేత పెట్టించు. తిరిగి తెస్తానంటే తెచ్చే పిల్ల. బాబాయ్ గారి సంతకం మాత్రం వద్దు!"

హారిక పుస్తకంలో ముత్యాల్లా తన పేరు రాసింది. ఆయన రెండు చేతులూ జోడించి దానికి నమస్కారం పెట్టారు. నేను నా చేతులు రెండూ వెనక కట్టుకుని నిలబడ్డాను. ఇంక వాటిని నమ్మదలుచుకోలేదు.

తిరుగు రైల్లో వేరుశెనగకాయలు కొనిచ్చాను. తిన్నది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భట్టిప్రోలు దాటాక నేనే అడిగాను. "కోపమా అమ్మలూ?"

"మర్చిపోయావని కాదు తాతయ్యా. నా మీద చెప్పావు కదా, అందుకు."

"తప్పే. ఇంకెప్పుడూ చెయ్యను."

మిగిలిన కాయలు వలిచి, పప్పులు నా చేతిలో పోసింది. వేమూరు వచ్చేసరికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది గానీ తెనాలి దాకా కదపలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఈ గైడ్స్ రోజుకొక మంచిపని చేసి డైరీలో రాసి, టీచరు గారికి చూపించాలట. సోమవారం సాయంత్రం ఆ డైరీ బల్ల మీద ఉంటే మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

"ఆదివారం చేసిన మంచిపని: ఒక వృద్ధుణ్ణి రేపల్లె తీసుకెళ్ళి, మళ్ళీ క్షేమంగా ఇంటికి తీసుకొచ్చాను."

కింద సువార్తమ్మ గారు ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి, పక్కన రాశారు: "చాలా కష్టమైన పని. శభాష్!"