ఎండలో పెట్టిన నెత్తురు

మా పెదనాయిన మాటెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. ఎందుకు తిట్టకూడదో నాకర్థం కాదు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు మా నాయిన మంచాన పడ్డాడు. కార్ఖానాలో గుర్రపు జీనులు కుట్టేవాడు. వంగి కుట్టడం వల్లే నడుము నొప్పి అనుకున్నాడు. మూత్రం బొట్టుబొట్టుగా వస్తోందన్న సంగతి మాత్రం అమ్మకు కూడా చెప్పలేదు. మా ఇంట్లో మగవాళ్ళు నడుము కింద జరిగేదేదీ నోట రానివ్వరు.

మారేడ్‌పల్లి నుంచి వచ్చిన డాక్టరు పరీక్షించి, ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని అనుమానపడ్డాడు. ఆ గ్రంథిలో తయారయ్యే ప్రొటీన్ ఒకటి ఉందట, పేరు యాసిడ్ ఫాస్ఫటేజ్. జబ్బు గ్రంథి దాటి ఎముకల్లోకి పాకితే అది నెత్తురులో పెరుగుతుందట. పెరిగితే వృషణాలు తీసేయాలి, అప్పుడు జబ్బు తగ్గుముఖం పడుతుంది, నొప్పి పోతుంది అన్నాడు.

"కోసెయ్యమనుండ్రి. ఈ నొప్పి పోతే చాలు," అన్నాడు నాయిన.

"ఏందీ, బీజాలు కొట్టిచ్చుకుంటవా? నువ్వేమన్న ఎద్దువా? రేపు బజార్ల నేను తలెత్తుకోవాల్నా వద్దా?" అని పెదనాయిన లేచాడు.

తలట, తల! నొప్పితో పళ్ళు కొరుక్కుంటున్న తమ్ముడి ముందు ఈయన తల గొడవ.

రక్తపరీక్షకు మాత్రం ఒప్పుకున్నాడు. డాక్టరు ఇంటికే వచ్చి నెత్తురు తీసి, సీసాను ఐసు గిన్నెలో పెట్టి, "వేడి తగిలితే ఆ ప్రొటీన్ చెడిపోతుంది, వెంటనే తిరుమలగిరి ఆసుపత్రికి పంపండి," అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. రిక్షా గుమ్మం ముందే ఉంది. పెదనాయిన పంచాంగం తీశాడు. రాహుకాలం. అది పోయాక వర్జ్యం. అదీ పోయాక ఆయనగారి భోజనం. నెత్తురు మైల కాబట్టి ఇంట్లో ఉండకూడదని సీసాను అరుగు మీద పెట్టించాడు. నీళ్ళకుండ పక్కన చల్లగా పెడతానంటే, "మంచినీళ్ళ కాడ నెత్తురు పెడ్తవా? ఛీ!" అని నన్నే చీదరించుకున్నాడు. అసలే మే నెల. ఐసు కరిగి నీళ్ళయింది, ఆ నీళ్ళు కూడా వేడెక్కాయి.

ప్రొటీన్ తక్కువగానే ఉందని ఫలితం వచ్చింది. పెదనాయిన గల్లీ అంతా పేడాలు పంచాడు. డాక్టరు నమ్మలేదు. సీసా ఎప్పుడు చేర్చారని అడిగాడు.

"మీరు పోంగనే పంపినం," అన్నాడు పెదనాయిన, రెప్పైనా వేయకుండా.

"లేదు డాక్టర్‌సాబ్, పొద్దంత ఎండల పెట్టిండ్రు!" అన్నాను నేను.

"ఆడపిల్లవు, మగోళ్ళ ముచ్చట్ల నీకేం పని? లోపలికి పో!"

డాక్టరు మళ్ళీ నెత్తురు తీస్తానన్నాడు. ఈయన దండం పెట్టి సాగనంపాడు. తన అన్న మాటకు ఎన్నడూ ఎదురుచెప్పని నాయిన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వానలు పడేసరికి నాయిన కాళ్ళు పడిపోయాయి. పక్క మీదే అన్నీ. ఆయన అరుపులు వినలేక అమ్మ చెవుల్లో కొంగు కుక్కుకునేది. పెదనాయిన గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు. వాసనకు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "కర్మ, ఏం చేస్తం," అని వెళ్ళిపోయేవాడు. నాయిన దీపావళి చూడలేదు.

నాలుగైదేళ్ళకు, హైదరాబాద్ స్టేట్ ఇంకా రద్దు కాకముందే, పెదనాయినకూ మూత్రం ఆగిపోయింది. అప్పటికి నాకు పెళ్ళయి అదే గల్లీలో కాపురం ఉంటున్నాను. కబురు పంపితే వెళ్ళాను. అదే డాక్టరు, అలాంటి సీసానే, చుట్టూ ఐసు. గిన్నె పట్టుకుని గుమ్మంలో ఆగి, ఆయన మొహంలోకే చూస్తూ అన్నాను:

"రాహుకాలం నడుస్తున్నది, పెదనాయినా."

"రాహుకాలం లేదు, గీహుకాలం లేదు! జెర జల్దీ తీస్కపో బిడ్డా, ఐసు కరుగుతున్నది!"

తీసుకెళ్ళాను. ఆయన ఆ ఆపరేషనే చేయించుకున్నాడు. చాలా ఏళ్ళు బతికాడు. బజార్లో తలెత్తుకునే తిరిగాడు. థూ.